రాజ్యమా, మార్కెట్టా, వర్గమా: అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రంలో తెగని వాదాలు

అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రం చదవబోయే విద్యార్థికి తొలి పాఠం ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే. ప్రపంచ ఆర్థిక వ్యవస్థను మూడు రకాలుగా చూడొచ్చు: రాజ్యబలాన్ని ముందు పెట్టే జాతీయవాదం ఒకటి, మార్కెట్‌ను ముందు పెట్టే ఉదారవాదం ఇంకొకటి, వర్గాన్ని ముందు పెట్టే మార్క్సిజం మూడోది. అమెరికన్ పండితుడు రాబర్ట్ గిల్పిన్ 1975లో బహుళజాతి కంపెనీల మీద రాసిన పుస్తకంలో ఈ విభజన చేశారు. 1987లో వచ్చిన ఆయన పాఠ్యగ్రంథంతో అది స్థిరపడింది. చెప్పడానికి తేలిక, పరీక్షలో రాయడానికి ఇంకా తేలిక. అందుకే నిలిచింది.

తర్వాత వచ్చిన వాదాలు మాత్రం ఆ మూడు గదుల్లో ఇమడలేదు. అంతర్జాతీయ సంస్థలను నమ్మేవాళ్లు, భావాలకు పెద్దపీట వేసేవాళ్లు, ఇటలీ మార్క్సిస్టు గ్రాంసీని చదివినవాళ్లు, స్త్రీవాదులు, వలసానంతర చింతకులు, గణాంకాలే ప్రమాణమనేవాళ్లు ఎవరి దారిన వాళ్లు నడిచారు. ఒక వర్గం పత్రికల్లో అచ్చయింది మరో వర్గం చదవని స్థితి వచ్చింది. ఎవరు గెలిచారో చెప్పే ప్రయత్నం ఈ సమీక్షలో లేదు. ప్రతి వాదమూ ఏదో ఒక దేశం తనకొచ్చిన ఇరకాటంలో వేసుకున్న ప్రశ్న నుంచి పుట్టింది. ఆ ప్రశ్నను పక్కనపెట్టి జవాబులను మాత్రమే పోల్చడంతో చర్చ చిక్కుపడింది. అలాగని పుట్టుక తెలిసినంత మాత్రాన నిజానిజాలు తేలవు. వాటిని చరిత్రతో, లెక్కలతో విడిగా పరీక్షించాల్సిందే.

శాఖ పుట్టుక

ఆడమ్ స్మిత్, రికార్డో, మార్క్స్ కాలంలో రాజకీయం వేరు, అర్థశాస్త్రం వేరు అనే మాటే లేదు. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ గ్రంథం వచ్చాక ‘రాజకీయ’ అనే విశేషణం మెల్లగా ఊడిపోయింది. అర్థశాస్త్రం ధరలనూ ఉత్పత్తినీ తీసుకుంది. యుద్ధాలు, ఒప్పందాలు అంతర్జాతీయ సంబంధాల శాస్త్రానికి మిగిలాయి.

ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవడం లేదని 1970లో బ్రిటిష్ పండితురాలు సూసన్ స్ట్రేంజ్ గట్టిగా రాశారు. ఆమె విశ్వవిద్యాలయానికి రాకముందు పాత్రికేయురాలు. రోజువారీ వార్తల్లో డబ్బునూ అధికారాన్నీ విడదీయడం కుదరదని ఆ వృత్తి ఆమెకు నేర్పి ఉండాలి. ఆమె వ్యాసం వచ్చిన ఏడాదికే, 1971 ఆగస్టు 15న, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలర్‌కు బంగారంతో ఉన్న ముడి తెంచేశారు. ఔన్సు 35 డాలర్ల లెక్కన విదేశీ కేంద్ర బ్యాంకులకు బంగారం ఇస్తామన్న బ్రెటన్‌వుడ్స్ ఒప్పందపు హామీ అంతటితో ముగిసింది. 1973 అక్టోబరు తర్వాత కొద్ది నెలల్లో చమురు ధర నాలుగింతలకు దగ్గరగా పెరిగింది. 1974 మేలో ఐక్యరాజ్యసమితిలో పేద దేశాలు కొత్త అంతర్జాతీయ ఆర్థిక వ్యవస్థ కావాలని ప్రకటన ఆమోదింపజేసుకున్నాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ గిరాకీ, సరఫరాల గీతలతో అర్థమయ్యేది కాదు. సైన్యాల బలాబలాలతో తేలేదీ కాదు. కొత్త శాఖకు చోటు అలా దొరికింది.

రాజ్యం ముందు: థామస్ మన్ నుంచి కొరియా దాకా

జాతీయవాద ధోరణికి మూలం పదిహేడో శతాబ్దపు వాణిజ్యవాదం. ఎగుమతి ఎక్కువ, దిగుమతి తక్కువ ఉంటే దేశంలోకి బంగారం, వెండి వస్తాయి, రాజ్యం బలపడుతుంది అన్నది దాని సారం. దీన్ని ఇంగ్లండ్‌లో సిద్ధాంతంగా మలిచిన థామస్ మన్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్. కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ తెరిచింది. మన నేతగాళ్ల బట్ట కొనడానికి వెండి తెచ్చి ఇక్కడ పోయడం తప్ప దానికి వేరే దారి లేకపోయింది, ఇంగ్లండ్ ఉన్ని ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి. వెండి తరలిపోతోందని లండన్‌లో విమర్శ వచ్చింది. ఆ బట్టను యూరప్‌లో తిరిగి అమ్మితే పోయినదానికంటే ఎక్కువ వెనక్కి వస్తుందని మన్ సమాధానం చెప్పారు.

ఆ తర్వాత జరిగింది ఉదారవాద పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనబడదు. భారతదేశపు అద్దకం బట్టలను ఇంగ్లండ్‌లో వాడకుండా 1700లో ఒక చట్టం, 1721లో దాన్ని బిగిస్తూ మరో చట్టం వచ్చాయి. కోరమాండల్ బట్టకు తలుపు వేసి, ఆ నీడలో ఇంగ్లండ్ తన నూలు పరిశ్రమను పెంచుకుంది. స్వేచ్ఛా వాణిజ్యాన్ని ప్రపంచానికి బోధించడం నూరేళ్ల తర్వాతి సంగతి.

ఈ క్రమాన్ని గమనించి సిద్ధాంతం చేసినవాళ్లు వెనకబడిన దేశాల వాళ్లే. 1791లో అమెరికా ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్, 1841లో జర్మన్ రచయిత ఫ్రెడరిక్ లిస్ట్ పసి పరిశ్రమలకు రక్షణ ఉండాలని వాదించారు. 1892లో పుణేలోని దక్కన్ కాలేజీలో మహదేవ్ గోవింద రానడే భారత రాజకీయ అర్థశాస్త్రం మీద ఉపన్యసిస్తూ, ఇంగ్లిష్ అర్థశాస్త్ర సూత్రాలు అన్ని కాలాలకూ అన్ని దేశాలకూ చెల్లవని చెప్పారు. కెనడా పండితుడు ఎరిక్ హెలైనర్ ఇటీవలి పుస్తకాలు రానడే వంటివారికి ఈ శాస్త్ర చరిత్రలో స్థానం కల్పించాయి. ఇంతకాలం ఆ స్థానం లేకపోవడం ఈ శాఖలోని పెద్ద లోపం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వాదానికి బలం తూర్పు ఆసియా నుంచి వచ్చింది. జపాన్ వాణిజ్య మంత్రిత్వశాఖ మీద చామర్స్ జాన్సన్ 1982లో, దక్షిణ కొరియా మీద ఆలిస్ ఆమ్స్‌డెన్ 1989లో, తైవాన్ మీద రాబర్ట్ వేడ్ 1990లో రాసిన పుస్తకాలు ఒక విషయం నిరూపించాయి: అక్కడి ఎదుగుదలలో రాజ్యం చేయి బలంగా ఉంది. 1993లో ప్రపంచ బ్యాంకు కూడా తూర్పు ఆసియా ‘అద్భుతం’ మీద వేసిన నివేదికలో కొంతవరకు ఒప్పుకోక తప్పలేదు.

అయితే రక్షణ ఇచ్చిన ప్రతి దేశమూ కొరియా కాలేదు. మన దేశమే సాక్ష్యం. కొరియాలో రాయితీ పొందిన కంపెనీ ఎగుమతి లక్ష్యం చేరాలి, లేకపోతే రాయితీ పోతుంది. మన దగ్గర రాయితీ ఉంది, షరతు లేదు. ఎందుకు లేదన్న ప్రశ్నకు 2003లో వివేక్ చిబ్బర్ ఇచ్చిన జవాబు గమనించదగ్గది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ప్రభుత్వ క్రమశిక్షణకు లోబడటానికి భారత పారిశ్రామికవేత్తలు ఒప్పుకోలేదు, ఆ ప్రయత్నాన్ని నీరుగార్చారు. అంటే రాజ్యబలం గురించి మొదలైన వాదన వర్గబలం దగ్గర తేలింది. గిల్పిన్ గోడల్లో ఒకటి ఇక్కడ కూలింది.

మార్కెట్ ముందు: రికార్డో, ఆయన వారసులు

1817లో రికార్డో ఇచ్చిన ఉదాహరణ ఇప్పటికీ తరగతి గదుల్లో నడుస్తోంది. ఒక పరిమాణం బట్టకు ఇంగ్లండ్‌లో 100 మంది, పోర్చుగల్‌లో 90 మంది ఏడాది పని చేయాలి. వైన్‌కు ఇంగ్లండ్‌లో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది. రెండింటిలోనూ పోర్చుగలే మెరుగు. అయినా పోర్చుగల్ వైన్ మీద, ఇంగ్లండ్ బట్ట మీద దృష్టి పెట్టి మార్చుకుంటే ఇద్దరికీ శ్రమ కలిసొస్తుంది. తులనాత్మక ప్రయోజనం అనే ఈ తర్కాన్ని ఇప్పటిదాకా ఎవరూ పడగొట్టలేదు. విమర్శకులు కొందరు తేలిగ్గా కొట్టిపారేస్తారు గానీ, అది సరికాదు.

వివాదం తర్కం చుట్టూ ఉన్న షరతులపైన. పెట్టుబడి దేశం దాటదని రికార్డో అనుకున్నారు. ఆ కాలానికి అది సబబే. పైగా ఆయన ఎంచుకున్న రెండు దేశాల మధ్య 1703 నాటి మెథ్యుయెన్ ఒప్పందం ఉంది. అది స్పెయిన్ వారసత్వ యుద్ధ కాలంలో కుదిరిన మైత్రిలో భాగం. వైన్, బట్టల మార్పిడిని కుదిర్చింది మార్కెట్ ఒక్కటే కాదు, యుద్ధనౌకలు కూడా.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉదారవాదం రెండు పాయలైంది. ఒక పాయ అంతర్జాతీయ సంస్థల వైపు నడిచింది. రాబర్ట్ కోహేన్, జోసెఫ్ నై 1977లో, కోహేన్ ఒక్కరే 1984లో చెప్పింది ఇది: దేశాలు స్వార్థంతోనే వ్యవహరించినా, నియమాలూ సమాచారమూ ఇచ్చే సంస్థలుంటే సహకారం సాధ్యం. రెండో పాయ దేశం లోపలికి వెళ్లింది. వాణిజ్యం వల్ల దేశం మొత్తానికి లాభమైనా, అందులో కొరతగా ఉన్న వనరు యజమానులకు నష్టమని 1941లోనే స్టోల్పర్, శామ్యూల్సన్ చూపించారు. దాని ఆధారంగా 1989లో రోనాల్డ్ రొగోవ్‌స్కీ ఏ దేశంలో ఎవరు ఎవరితో కూటమి కడతారో అంచనా వేశారు.

ఈ రెండో పాయకు అసలు పరీక్ష చైనా. 2001 డిసెంబరులో అది ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చైనా నుంచి వచ్చిన దిగుమతుల ఒత్తిడి వల్ల అమెరికాలో 1999 నుంచి 2011 దాకా 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు పోయాయని డేవిడ్ ఆటర్, సహ పరిశోధకులు లెక్కగట్టారు. నష్టం కొన్ని పట్టణాల్లోనే పేరుకుపోయింది, మనుషులు అక్కడి నుంచి కదలలేకపోయారు. గెలిచినవాళ్ల లాభంలోంచి ఓడినవాళ్లకు పరిహారం ఇవ్వొచ్చని సిద్ధాంతం చెబుతుంది. ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్లు తక్కువ. ఉదారవాదం మీద నమ్మకం సడలడానికి విమర్శకుల పుస్తకాలకంటే ఈ చెల్లించని బాకీయే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

కేంద్రం, అంచు

మార్క్సిస్టు ధోరణి చరిత్ర సాధారణంగా హాబ్సన్ (ఈయన మార్క్సిస్టు కాదు), రోజా లక్సెంబర్గ్, లెనిన్‌లతో మొదలుపెడతారు. మొదలు అంతకంటే ముందుంది. బ్రిటన్ భారతదేశం నుంచి ఏటా సంపదను తిరుగు చెల్లింపు లేకుండా తరలించుకుపోతోందని దాదాభాయి నౌరోజీ 1867 నుంచే లెక్కలతో చెబుతూ వచ్చారు. 1901లో పుస్తకంగా తెచ్చారు. ఎగుమతులు దిగుమతులకంటే ఎక్కువగా ఉండటం బలమని మన్ అన్నారు. అదే మిగులు పాలిత దేశంలో రక్తం కారుతున్న గుర్తని నౌరోజీ చూపించారు. ఒకే అంకె, రెండు అర్థాలు. ఖాతా ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

1949లో అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్, 1950లో హన్స్ సింగర్ విడివిడిగా ఒకే నిర్ణయానికి వచ్చారు. ముడి సరుకు అమ్మి యంత్రాలు కొనే దేశానికి కాలక్రమేణా వర్తక నిబంధనలు ప్రతికూలమవుతాయి. 1964లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్‌కు ప్రెబిషే తొలి ప్రధాన కార్యదర్శి. ఆ తర్వాత ఆండ్రే గుండర్ ఫ్రాంక్ పరాధీనతా సిద్ధాంతాన్ని అంచుదాకా తీసుకెళ్లారు: అభివృద్ధి, వెనకబాటు ఒకే ప్రక్రియకు రెండు ముఖాలు. ఫెర్నాండో హెన్రిక్ కార్డోసో, ఎంజో ఫలెటో 1969లో దాన్ని సవరించి, పరాధీనంగా ఉంటూనే కొంత అభివృద్ధి జరగొచ్చన్నారు. 1974లో ఇమ్మాన్యుయెల్ వాలర్‌స్టీన్ కేంద్రం, అంచు, మధ్యస్థం అనే మూడంచెల ప్రపంచ వ్యవస్థను ప్రతిపాదించారు. దీనికి గట్టి దెబ్బ తగిలింది సొంత గూటి నుంచే. పెట్టుబడిదారీ విధానాన్ని వర్తకంతో వివరించడం తప్పు, పొలంలో యజమానికీ కూలికీ ఉన్న సంబంధంతో వివరించాలి అని 1977లో రాబర్ట్ బ్రెనర్ వాదించారు.

సాక్ష్యం ఎటు? ప్రెబిష్, సింగర్ చెప్పిన పతనం దీర్ఘకాలపు గణాంకాల్లో కనబడింది, ఏటా సుమారు అర శాతం చొప్పున. కానీ 2000 తర్వాత చైనా గిరాకీతో ముడి సరుకుల ధరలు ఏళ్ల తరబడి ఎగబాకాయి. కొరియా, తైవాన్ అంచు నుంచి కేంద్రానికి చేరాయి. ఫ్రాంక్ సూత్రీకరణ దీన్ని తట్టుకోలేదు. కార్డోసో, ఫలెటో సూత్రీకరణ తట్టుకుంటుంది. పరాధీనతావాదం మొత్తం కూలిందని చెప్పేవారు ఈ తేడా చూడాలి.

పెత్తనం ఎవరిది, ఎంతకాలం

1930ల మాంద్యం అంత లోతుకు ఎందుకు పోయింది? బ్రిటన్‌కు నిలబెట్టే శక్తి లేదు, అమెరికాకు నిలబెట్టే ఉద్దేశం లేదు అని 1973లో చార్లెస్ కిండిల్‌బర్గర్ జవాబిచ్చారు. ఒక పెద్ద దేశం పూనుకుంటేనే ప్రపంచ మార్కెట్ నిలుస్తుందన్న ఆధిపత్య స్థిరత్వ సిద్ధాంతం ఇక్కడ పుట్టింది. స్టీఫెన్ క్రాస్నర్ 1976లో దాన్ని వాణిజ్య చరిత్రతో పోల్చి చూస్తే పాక్షికంగానే సరిపోయింది.

1980ల్లో చాలామంది అమెరికా పండితులు తమ దేశ పెత్తనం తగ్గిపోతోందని దిగులుపడ్డారు. పెత్తనం తగ్గాక సహకారం ఎలా అన్నదే కోహేన్ ప్రశ్న కూడా. పెత్తనం పోయిందనడమే భ్రమ అని 1987లో స్ట్రేంజ్ కొట్టిపారేశారు. మరుసటేడు వచ్చిన పుస్తకంలో అధికారాన్ని నాలుగు నిర్మాణాలుగా విడగొట్టారు: భద్రత, ఉత్పత్తి, ఆర్థిక వనరులు, జ్ఞానం. ఫ్యాక్టరీల లెక్కలో జపాన్ ముందుంటే ఉండొచ్చు, అప్పు ఎవరికి ఇవ్వాలో, ఏ జ్ఞానం ఎవరి సొత్తో తేల్చేది ఇంకా అమెరికాయే. ఈ విశ్లేషణ ఎంత పదునైనదో 2008లో తెలిసింది. సంక్షోభం అమెరికాలోనే పుట్టింది, అయినా ప్రపంచం డాలర్ల కోసం అమెరికా ఫెడరల్ రిజర్వు వైపే చూసింది. అది 14 కేంద్ర బ్యాంకులకు డాలర్లు మార్చుకునే స్వాప్ మార్గం తెరిచింది.

జ్ఞాన నిర్మాణానికి హైదరాబాద్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1961లో సోవియట్ సహాయంతో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ ఇక్కడ మందుల సాంకేతికతకు బడి అయింది. మందు అణువుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చిన 1970 చట్టం ఆ బడిలో తయారైనవాళ్లకు దారి తెరిచింది. 1995లో మేధో సంపత్తిపై ట్రిప్స్ ఒప్పందం అమల్లోకి వచ్చింది, 2005 నుంచి అణువుకే పేటెంట్. కోవిడ్ టీకాల మీద మినహాయింపు కావాలని 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా అడిగితే 2022 జూన్‌లో దక్కింది చాలా కుదించిన రూపం. తయారుచేయగల చేతులున్నా అనుమతి వేరొకరి చేతిలో ఉండటమే స్ట్రేంజ్ చెప్పిన అధికారం.

అదే పెత్తనాన్ని రాబర్ట్ కాక్స్ 1981లో గ్రాంసీ చూపుతో పరిశీలించారు. బలప్రయోగంతోపాటు అంగీకారం కూడా సంపాదించినప్పుడే పెత్తనం నిలుస్తుందనీ, సిద్ధాంతం కూడా ఎవరో ఒకరికి పనికొచ్చేలా ఉంటుందనీ ఆయన వాదన. భావాలకు ప్రాధాన్యమిచ్చే నిర్మాణవాదులు దీని పొరుగువాళ్లే. సంక్షోభం దానంతట అది పరిష్కారం చెప్పదు, అందుబాటులో ఉన్న భావాలే చెబుతాయి అంటారు మార్క్ బ్లైత్ వంటివారు. దీనికి మన దేశమే ఉదాహరణ. 1991 విదేశీ మారక సంక్షోభంలో అది 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కుదువపెట్టింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం చేపట్టిన సంస్కరణలకు ఐఎంఎఫ్ షరతులే కారణమా? ప్రభుత్వ అధికారి మాంటెక్ సింగ్ అహ్లూవాలియా 1990లోనే రాసిపెట్టిన సంస్కరణల పత్రం అంత సూటిగా ఔననడానికి అడ్డొస్తుంది.

అట్లాంటిక్‌కు రెండు ఒడ్లు

2007లో బెంజమిన్ కోహెన్ ఈ శాఖ రెండు ముక్కలైందన్నారు. అమెరికన్ సంప్రదాయం అంకెలు, నమూనాలు, ప్రయోజనాల లెక్క. బ్రిటిష్ సంప్రదాయం చరిత్ర, విమర్శ, న్యాయం. ఆ మాట మీద చాలా సిరా ఖర్చయింది. మొదటిదానిలో కచ్చితత్వం ఉంది, రెండోదానిలో విస్తారం ఉంది. 2008 సంక్షోభాన్ని ముందుగా పట్టుకోవడంలో మొదటిది విఫలమైందని కోహెనే తర్వాత రాశారు. ఈ చర్చలో లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియా ఎక్కడా లేవని వచ్చిన విమర్శ దీనికంటే విలువైనది.

నరసాపురం లేసు

స్త్రీవాద రాజకీయ అర్థశాస్త్రానికి పునాది గ్రంథాల్లో ఒకటి పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని, అప్పటికే పెద్ద ఎగుమతి వ్యాపారం. యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ఇళ్లలో బల్లల మీద పరిచే లేసు ఇక్కడి ఇళ్ల అరుగుల మీద తయారవుతుంది. అల్లేది స్త్రీలు. ఏజెంట్లు, వ్యాపారులు, ఎగుమతిదారులు దాదాపు అందరూ పురుషులు. వంట, పిల్లలు, పశువులు చూసుకుంటూ రోజుకు ఆరేడు గంటలు అల్లినా అది తీరిక వేళ పని అన్నారు, ఆ స్త్రీలు గృహిణులే అన్నారు. కార్మికులు కాదు కాబట్టి కనీస వేతనం లేదు, సంఘం లేదు, లెక్కల్లో పేరు లేదు.

మీస్ వాదన ఇక్కడే లోతుగా పోతుంది. ‘గృహిణి’ అనే హోదా పాత సంప్రదాయపు అవశేషం కాదని, ఆ హోదా ఉండబట్టే ప్రపంచ మార్కెట్‌కు అంత చవగ్గా సరుకు దొరుకుతోందని ఆమె చూపించారు. రికార్డో తులనాత్మక ప్రయోజనం అన్నది ఇక్కడ ఎక్కడి నుంచి వచ్చింది? నేల నుంచీ వాతావరణం నుంచీ రాలేదు, ఇంట్లోని అధికార సంబంధం నుంచి వచ్చింది. రాజ్యం, మార్కెట్, వర్గం అనే మూడు చూపుల్లో ఏదీ ఇంటి గడప దాటి లోపలికి పోలేదు. ఈ వాదాన్ని చాలా పాఠ్యపుస్తకాలు చివరి అధ్యాయంలో ‘ఇతర ధోరణులు’ కింద సర్దేస్తాయి. అన్యాయం. తక్కిన వాదాల పునాది లెక్కనే ఇది ప్రశ్నించింది.

ఒకే సుంకం, ఐదు చూపులు

నరసాపురానికి దగ్గరే ఉన్న భీమవరం రొయ్యల చెరువుల మీద ఈ వాదాలన్నిటినీ పరీక్షించవచ్చు. భారత రొయ్యలకు అమెరికా అతి పెద్ద మార్కెట్, ఆ ఎగుమతిలో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. 2025 ఏప్రిల్‌లో అమెరికా కొత్త సుంకాలు ప్రకటించిన కొద్ది రోజుల్లోనే చెరువు గట్టు మీద రొయ్యల ధరలు పడ్డాయి. ఆగస్టు 27 నాటికి భారత సరుకు మీద ఆ సుంకం 50 శాతానికి చేరింది. అప్పట్లో ఈక్వెడార్ రొయ్య మీద 15 శాతమే ఉండేది.

ఉదారవాది దీన్ని ఇద్దరికీ నష్టంగా చూస్తారు: అమెరికా వినియోగదారు ఎక్కువ చెల్లిస్తారు, ఇక్కడి రైతు తక్కువ పొందుతారు. సరైన మాటే, కానీ ఇద్దరికీ నష్టమైన పని ఎందుకు జరిగిందో ఆ మాట చెప్పదు. దేశం లోపలి ప్రయోజనాలను చూసేవారు అమెరికా గల్ఫ్ తీర రొయ్యల వేటగాళ్లను చూపిస్తారు. 2003 చివర వారి తరఫున వేసిన పిటిషన్‌తో 2005లోనే భారత రొయ్యలపై యాంటీ డంపింగ్ సుంకం వచ్చింది. ఇది పాత సుంకానికి చక్కగా సరిపోతుంది, కొత్తదానికి అంతగా సరిపోదు, ఎందుకంటే అది రొయ్యకే పరిమితం కాదు. రాజ్యబలవాది రష్యా చమురును గుర్తుచేస్తారు. సుంకంలో సగం భారత్ ఆ చమురు కొనడం మీదే వేశామని అమెరికా బాహాటంగా చెప్పింది. ఈ ఒక్క అంశంలో ఈ వాదానికి ఎదురు లేదు.

కానీ సుంకం భారం చివరికి ఎవరి మీద పడిందన్న ప్రశ్న వేయగానే రాజ్యబలవాది దగ్గర జవాబు ఉండదు. మేత కంపెనీ, సీడ్ అమ్మే హేచరీ తమ ధర తాము నిర్ణయిస్తాయి. ప్రాసెసింగ్ ప్లాంటుకు కోల్డ్ స్టోరేజీ ఉంది, కొన్నాళ్లు ఆగగలదు. పంట చేతికొచ్చాక చెరువులో ఉంచితే వైరస్ భయం, కాబట్టి రైతు ఆగలేడు. కేంద్రం, అంచు అనే విభజన దేశాల మధ్యే కాదు, ఒకే మండలంలో కూడా ఉంటుందని ఇక్కడ కనబడుతుంది. ఇక షెడ్లలో రొయ్య తల తీసి, వొలిచే స్త్రీలకు ఆర్డర్ తగ్గితే ఆ రోజు పని ఉండదు. మీస్ నలభై ఏళ్ల కిందట అడిగిన ప్రశ్నను ఈ సరుకుకు కూడా వేయాలి.

తేలనివి

మొదటిది, పరస్పరాధారం శాంతినిస్తుందా, ఆయుధమవుతుందా? 2019లో హెన్రీ ఫారెల్, అబ్రహాం న్యూమన్ రెండోదే అన్నారు. చెల్లింపుల సమాచారం, చిప్‌లు, ఇంటర్నెట్ కొన్ని కూడళ్ల గుండానే పోతాయి, ఆ కూడలి ఎవరి ఆధీనంలో ఉంటే వారు ఇతరులను ఊపిరాడకుండా చేయగలరు. 2022లో రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 300 బిలియన్ డాలర్ల నిల్వలు స్తంభింపజేయడం దీనికి నిదర్శనం. అయినా ప్రపంచ విదేశీ మారక నిల్వల్లో సగానికి పైగా ఇంకా డాలర్లే. భయపడిన దేశాలు ఎందుకు బయటికి పోలేకపోతున్నాయో సంతృప్తికరంగా చెప్పిన సిద్ధాంతం లేదు.

రెండోది, పెత్తనం లేకుండా నియమాలు నిలుస్తాయా? ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు మండలి 2019 డిసెంబరు నుంచి పని చేయడం లేదు, కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికాయే అడ్డుకుంది. నియమాలు పెట్టినవాడే పక్కకు తప్పుకుంటే సంస్థలు కొనసాగుతాయన్న రాబర్ట్ కోహేన్ ఆశ ఈ పరీక్షలో సగమే నెగ్గింది. వాణిజ్యం ఆగలేదు, తీర్పు మాత్రం ఆగింది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, మనుషుల కదలిక. సరుకుకు 1947 నుంచి గాట్, పెట్టుబడికి వేల ద్వైపాక్షిక ఒప్పందాలు ఉన్నాయి. శ్రమకు ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందంలో ఒక ఇరుకైన మూల తప్ప ఏమీ లేదు. 2024లో విదేశాల్లోని భారతీయులు ఇంటికి పంపిన సొమ్ము సుమారు 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. ఇంత పెద్ద ప్రవాహం గురించి ఈ శాఖలోని ప్రధాన గ్రంథాల్లో దొరికేది కొన్ని పేజీలే. 2025 సెప్టెంబరులో అమెరికా హెచ్-1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని ఒక్క ప్రకటన వెలువడితే తెలుగు ఇళ్లలో ఎన్ని లెక్కలు తారుమారయ్యాయో అందరికీ తెలుసు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కూలీ, కడప, కోనసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీ, డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకే ప్రపంచ మార్కెట్‌లో మూడు వేర్వేరు హక్కులతో ఉన్నారు. ఆ హక్కుల తేడాను నిర్ణయించేది నైపుణ్యమా, రెండు ప్రభుత్వాల బలాబలాలా, లింగమా, ఏజెంటు దగ్గర చేసిన అప్పా అన్నది తేలాలంటే పై వాదాలన్నీ కలిసి పని చేయాలి.

దానికి కావలసిన సమాచారం లండన్, హార్వర్డ్ గ్రంథాలయాల్లో దొరకదు. జగిత్యాల, రాజంపేట, అమలాపురం ఇళ్లలో ఉంది, తెలుగులో ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో రాజనీతి, అర్థశాస్త్ర శాఖల పరిశోధకులు ఒకే గదిలో కూర్చుని ఈ పని చేపట్టాలి. నరసాపురం గురించి ప్రపంచం చదివే పుస్తకం జర్మనీ నుంచి వచ్చిన పరిశోధకురాలు రాశారు. గల్ఫ్ గురించి, అమెరికా వలస గురించి అంతటి పుస్తకాన్ని ఇక్కడివారు రాయాలి.